ఏటిసూతకంలో జంతికలు

నేను ఒక జంతికల గొట్టాన్ని. ఇత్తడిదాన్ని. అజ్జరంలో పోత పోశారు. బరువు కిలోంబావు. రెండు పిడులు, మూడు బిళ్ళలు. పిండి వత్తడానికి పుట్టాను. ఊరికే ఉంచితే చిలుము పడతాను. మనుషులూ అంతేనని నా వాదన. కాదనేవాళ్ళతో నాకు పేచీ.

మొదట ఒక హోటలావిడ దగ్గర పనిచేశాను. ఆవిడ హోటలు ఎత్తేసినప్పుడు చీరాలలో దమయంతి చేతికి వచ్చాను. ఆమె భర్త వీరభద్రయ్య కరెంటు లైన్‌మన్. ఏటా దీపావళికి ముందు ఆమె పిండి కలిపి కేకేసేది: "ఏవండోయ్, స్తంభాలెక్కింది చాలు, వచ్చి ఇది వత్తండి." నలభై ఒక్క ఏళ్ళు ఆయన వత్తాడు. పండగలో ఆయనకున్న పని అదొక్కటే.

మొన్న వేసవిలో దమయంతి పోయింది. చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పండగ ఉండదు. పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకూడదు. పిండివంటలు ఇరుగుపొరుగే తెచ్చిస్తారు. దీన్ని దయ అంటారు. దీపావళి వారంలో ఆరిళ్ళ నుంచి ఆరు డబ్బాలు వచ్చాయి. తెచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి, "విశ్రాంతి తీసుకోండి" అని చెప్పి వెళ్ళారు. విశ్రాంతి ఆయన ఐదు నెలలుగా తీసుకుంటూనే ఉన్నాడు. గడ్డం గీసి పదకొండు రోజులు. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. ఒక్క గది ఇల్లు. అలమరలోంచి అంతా కనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం పక్కింటి నాగూర్‌బీ వచ్చింది. పండగలకు పిండివంటలు చేసి అమ్ముతుంది. కుడి మణికట్టుకు గుడ్డకట్టు ఉంది.

"అన్నా, గొట్టం కావాల."

"అలమరలో ఉంది. తీసుకుపో."

"గొట్టం ఒక్కటే వచ్చి ఏం చేసుద్ది? నా చెయ్యి బెణికింది. ఐదు కిలోల పిండి కలిపి కూర్చున్నా. లే."

"నాకీ యేడు పండగ లేదమ్మా."

"పండగ చెయ్యమని ఎవరన్నారు? వత్తమన్నా. ఆ మాటకొస్తే నాకు మాత్రం ఉందా ఈ పండగ?"

ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత లేచాడు. నన్ను తనే తీశాడు.

ఆయన అక్క సుభద్రమ్మకు సంగతి చేరడానికి రెండు వాయిలు పట్టింది. వచ్చి నాగూర్‌బీ పెరట్లో నిలబడింది.

"ఏరా, బుద్ధుందా? ఏడాది తిరక్కుండానే మూకుడు ముందు కూర్చుంటావా? నలుగురూ ఏమనుకుంటారు?"

వీరభద్రయ్య తల ఎత్తలేదు. పిడుల మీద బలం వేశాడు.

"నలుగురూ డబ్బాలిచ్చి పోయారక్కా. ఒక్కళ్ళూ కూర్చోలా."

సుభద్రమ్మ మూకుడులోకి తొంగి చూసింది.

"పిండి ఆరిపోతోంది. కూర్చుంటే కూర్చో. లేదంటే ఆ చిల్లుల గరిటె ఇటిచ్చి వెళ్ళు."

వేసవి తర్వాత ఆయన ఇన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే మొదలు. ఆ లెక్క సుభద్రమ్మకూ తెలుసు. గరిటె తీసుకుంది. ఇవ్వలేదు. మూకుడు పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"చుట్టలు తిప్పి వత్తరా. వానపాముల్లా వస్తన్నయ్."

సాయంత్రానికి ఐదు కిలోలూ అయ్యాయి. ఆయన ఆకలేస్తోందని అడిగి తిన్నాడు. ఏటిసూతకం ఇంకా ఏడు నెలలుంది. క్రిస్మస్‌కు నాగూర్‌బీ పదిహేను కిలోలు ఒప్పుకుంది. నన్ను కడిగి ఆమె చూరు కింద బోర్లించారు. తిరిగి అలమరలో పెట్టాలనుకునేవాళ్ళు ముందు వీరభద్రయ్యను అడగాలి.