పెన్సిల్ పేర్లు

నేను ఒక అడ్మిషన్ రిజిస్టరును. ఎర్ర గుడ్డ అట్ట, రెండువందల పేజీలు. రాతిపాడులో మూతపడిన పలకల ఫ్యాక్టరీ గోడౌనులో ప్రభుత్వ జూనియర్ కాలేజీ తెరిచిన రోజున నన్ను కొన్నారు. అప్పటికి కాలేజీ అంటే నేను, ఒక బల్ల, ప్రిన్సిపాల్ రహమతుల్లా గారు, గుమస్తా చెన్నకేశవులు. పిల్లలు నేలమీద కూర్చుని పాఠం విని, బట్టలకంటిన పలకల పొడి దులుపుకుంటూ లేచేవారు.

చెన్నకేశవులు మంచివాడే గానీ ఆయనకొక పిచ్చి ఉండేది. నా పేజీల్లో ఒక్క కొట్టివేత కనబడకూడదు. చలికాలం చివర్లో మా ప్రాంతపు కూలివాళ్లు పిల్లలతో సహా గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లేవారు. కొందరు పిల్లలు మళ్లీ చదువుకు వచ్చేవారు కాదు. అందుకని వాళ్ల పేర్లు ఆయన పెన్సిల్‌తో రాసేవాడు. తిరిగొస్తే పెన్నుతో దిద్దడం, రాకపోతే రబ్బరుతో తుడిచేయడం. మనుషులకు తమ చేతిరాత మీదున్న ప్రేమ ఇంకొకరి చదువు మీద ఉండదా అని నాకు ఒళ్లు మండేది.

మూడో ఏడు ఫిబ్రవరిలో తనిఖీ అధికారి వచ్చాడు. నూరుమంది ఉంటే కాలేజీ నిలుస్తుంది, లేదంటే నలభై మైళ్ల అవతలి కాలేజీలో కలిపేస్తారు. ఆయన వేలు నా పేజీల మీద ఒక్కో పేరూ లెక్కపెడుతూ నడిచింది. పెన్నుతో ఎనభై రెండు పేర్లు, పెన్సిల్‌తో ఇరవై ఏడు.

చెన్నకేశవులు గబగబా పెన్ను తీశాడు. అధికారి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు దిద్దితే ఒప్పుకోను. రేపు మూడింటిలోపు పిల్లలే వచ్చి నా ఎదుట రాసుకోవాలి. ఆ తర్వాత గీత గీసి సంతకం పెడతాను. అప్పటికి పెన్నుతో లేనివాళ్లకు ఈ ఏడు పరీక్ష లేదు."

రహమతుల్లా గారు దొరికిన బస్సెక్కి కోతల వైపు పరుగెత్తారు.

మర్నాడు రెండున్నర దాటినా ఎవరూ రాలేదు. చెన్నకేశవులు గుమ్మానికీ బల్లకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పావు తక్కువ మూడింటికి లారీ వచ్చి ఆగింది. రహమతుల్లా గారి వెనక పద్దెనిమిది మంది దిగారు. మిరప ఘాటుకు తుమ్ముతూ, మండే వేళ్లతో ఒక్కొక్కరే తమ పేరు మీద పెన్నుతో రాసుకున్నారు. నూరో పేరు పడింది. అధికారి గీత గీశాడు.

"సువార్త ఏది సార్?" అన్నాడు చెన్నకేశవులు.

దార్ల సువార్త రెండో సంవత్సరం పిల్ల. ఇంటర్ పూర్తిచేసి టీచర్ ట్రైనింగుకు వెళ్లాలని గంపెడాశ పెట్టుకుంది. ప్రిన్సిపాల్ జరిగింది చెప్పారు.

"నాకు దొరికింది పంతొమ్మిది మందే. కూలీల మేస్త్రి అందర్నీ ఒకేసారి పోనివ్వనన్నాడు. మళ్లీ వస్తారని నమ్మకమేంటి, ఒకళ్లు ఇక్కడ ఉండాల్సిందే అన్నాడు. ఎందరు తక్కువ సార్ అని ఆ పిల్ల నన్నడిగింది. పద్దెనిమిది అన్నాను. 'మేం పంతొమ్మిది మందిమి గదా సార్, నేనుంటాలే, మీరు బోండి' అంది."

"అయ్యా, ఆ ఒక్క పేరూ నన్ను దిద్దనీయండి," అన్నాడు చెన్నకేశవులు. అధికారి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఎవరికి చెప్పుకోను?

జూన్‌లో సువార్త మళ్లీ వచ్చింది. చెన్నకేశవులు కొత్త ఏటి పేజీలో ఆమె పేరు రాయబోయి ఆగాడు, పెన్ను ఆమె చేతికిచ్చి నన్ను అటు తిప్పాడు. "నువ్వే రాసుకోమ్మా." ఆ తర్వాత ఆయన పెన్సిల్ ముట్టలేదు. కొట్టివేతలు పడితే పడ్డాయి.

ఇప్పుడది డిగ్రీ కాలేజీ. మూడంతస్తులు, రెండువేల మంది. అడ్మిషన్లు కంప్యూటరులో జరుగుతాయి, నేను బీరువాలో ఉంటాను. ఆ ఏటి పెన్సిల్ పేర్లలో మిగిలిన ఎనిమిదీ చెన్నకేశవులు తుడిచేశాడు గానీ, సువార్త పేరు తుడవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. కాలేజీని నిలబెట్టింది నూరుమంది అని వార్షికోత్సవాల్లో చెప్పుకుంటారు. వాళ్లు నన్ను తెరిచి చూడలేదు. నూటొక్కమంది.