సొరంగానికి అవతలి చెల్లెలు

డబ్బా మూత తీసి, నెడ్రా సబ్బుద్రావణాన్ని వాసన చూసింది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూసింది. జిగురు తగ్గింది.

"నీళ్లు కలిపారు," అంది.

"కంపెనీ సీలు ఉంది కదక్కా," అంది తనతో పనిచేసే టాషా, తడి దుప్పట్లను ఆరబెట్టే మిషన్లోకి తోస్తూ.

"సీలు వేసేవాడే కలుపుతాడు."

కెంటకీ రాష్ట్రంలో మిడిల్స్‌బరో ఊరి చివరి మోటెల్లో ఇరవై రెండేళ్లుగా నెడ్రా స్లోన్‌ది ఉతికే పని. యాభై తొమ్మిదేళ్ల పొట్టి మనిషి. భుజాలు ముందుకు వాలిపోయాయి. ఆవిరికి ఎర్రబడిన చేతుల్లో కణుపు కణుపుకీ పగుళ్లు. ఆదివారం చర్చికి వెళ్లినా ఆమె జుట్టులోంచి బ్లీచు వాసన పోదు. తండ్రి ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి లేదని గని డాక్టరు రాసిచ్చిన ఏడాదే ఆయన దగ్గి దగ్గి పోయాడు. అప్పుడామెకు పద్నాలుగేళ్లు. ఆ తర్వాత కాగితం మీద ఎవరేం రాసినా, దాన్ని తిరగేసి వెనకవైపు చూడటం అలవాటైంది.

అందుకే మూడేళ్ల కింద కెంటకీ ప్రభుత్వం తనలాంటి కూలివాళ్లకూ బీమా కార్డు ఇస్తుంటే నెల్లాళ్లు దాన్ని కవర్లోంచి తీయలేదు. చివరికి మోకాళ్ల నొప్పికని ఆసుపత్రికెళితే పేగుల పరీక్ష కూడా చేయించమన్నారు. చేశాక, క్యాన్సరుగా మారబోతున్న గడ్డ కనపడిందనీ, అక్కడికక్కడే తీసేశామనీ చెప్పి ఫొటో చూపించారు. గులాబీ రంగులో, పుట్టగొడుగులా ఉంది.

"ఆ ఫొటో ఎవరిదో!" అని ఇప్పటికీ అంటుంది. నొప్పి లేదు, జ్వరం లేదు. మర్నాడు పనికొచ్చింది. లేని గడ్డ తీశామని చెప్పి ప్రభుత్వం దగ్గర డబ్బు గుంజుకున్నారని ఆమె లెక్క.

పదింటికి ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది.

"మళ్లీ పరీక్ష చేయాల్సిన సమయం వచ్చిందమ్మా. మూడేళ్లయింది."

"నాకేం లేదు. బాగానే ఉన్నాను."

"అప్పుడు తీసేశాం గనక బాగున్నారు."

"తీశామని మీరంటున్నారు," అని పెట్టేసింది.

టాషా నవ్వింది. "బాగుంటే బాగున్నందుకూ అనుమానమేనా అక్కా?"

నెడ్రా దిండుగలీబులు మడతపెడుతూ చెల్లెలి గురించి ఆలోచిస్తోంది. ఇడెల్లా ఉండేది కొండకు అవతల. సొరంగం దాటితే టెనెసీ రాష్ట్రం, పావుగంట ప్రయాణం. పెట్రోలు బంకులో తెల్లవారుజామునే వెళ్లి రొట్టెలు కాలుస్తుంది. ఆమె సంపాదనా అక్క సంపాదనంతే. కానీ అటువైపు రాష్ట్రం అలాంటివాళ్లకు కార్డులు ఇవ్వలేదు. నెల కిందట కళ్లు పచ్చబడి పడిపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. పేగుల్లో మొదలై కాలేయం నిండా పాకిందని చెప్పి ఇంటికి పంపారు. ఇచ్చినవాళ్లనూ నెడ్రా అనుమానించింది, ఇవ్వనివాళ్లనూ అనుమానించింది.

మూడేళ్ల కింద, తన పరీక్ష అయిన కొత్తల్లో, ఇడెల్లా వచ్చి నెడ్రా వంటింట్లో కూర్చుని అడిగింది. "అక్కా, నీ ఇంట్లోనే ఉంటున్నానని రాసి నాక్కూడా కార్డు ఇప్పించవా? ఒకసారి చూపించుకుంటాను."

"దేనికి చూపించుకోడం?"

"ఊరికే."

అబద్ధపు అడ్రసు పెడితే తనను జైల్లో వేస్తారనుకుంది నెడ్రా. ఇది మరిది వెండెల్ ఎత్తు అనీ అనుకుంది. రేపు ఆ కాగితం చూపించి ఇంట్లో వాటా అడగడని ఏమిటి? "ఆ డాక్టర్ల దగ్గరికెళ్లావా, నీకూ ఒక గడ్డ పుట్టిస్తారు," అంది.

ఇడెల్లా కాఫీ కప్పు పక్కకు జరిపింది. "సరేలే," అని నవ్వేసి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

పన్నెండున్నరకు వెండెల్ ఫోన్ చేశాడు.

"వదినా, పదకొండింటికి పోయింది. నిద్రలోనే."

నెడ్రా ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించింది. టాషాతో ఒక్క మాట చెప్పి బయల్దేరింది. సొరంగంలోకి వెళ్లేటప్పుడు ఎండ, బయటికొచ్చేసరికీ అదే ఎండ. రాష్ట్రం మారిందని చెప్పే బోర్డు తప్ప తేడా ఏం లేదు.

ఇడెల్లా పక్క మీద చిన్నపిల్లలా ఉంది. నెడ్రా ఆమె నుదుటి మీది జుట్టు సర్ది, పాదాల మీదికి దుప్పటి లాగింది. ఏడుపు రాలేదు.

వెండెల్ గుమ్మంలో నిలబడి తాళంచెవి చాపాడు. "శవాన్ని తీసుకెళ్లే బండి వస్తుందంట. ఇడెల్లా ట్రక్కు అడ్డంగా ఉంది. కాస్త పక్కకి తీస్తావా వదినా? నాకు చేతులాడట్లేదు."

ఆ మొహంలో ఎత్తులేమైనా ఉన్నాయేమోనని చూసింది. రెండ్రోజుల గడ్డం తప్ప ఏమీ లేదు.

ట్రక్కు తలుపు తీసింది. డ్రైవరు సీటు మీద ముదురు నీలం తువ్వాలు పరిచి ఉంది. దాని కింద ప్లాస్టిక్ కాగితం, ఆ కింద మరో నీలం తువ్వాలు. అంచుకు దుకాణం పేరున్న చీటీ ఇంకా వేలాడుతోంది. మెయిన్ వీధిలోని ఆ దుకాణం ఎప్పుడు మూసేశారో నెడ్రాకు తెలుసు. ఇడెల్లా వచ్చి కార్డు అడగడానికి ముందు ఏడాది.

చీటీని తిరగేసింది. వెనక ఏమీ లేదు.

"ఈ తువ్వాళ్లు ఎందుకో తెలుసా నీకు?" అని అడిగింది వెండెల్‌ని.

"నడుం నొప్పి, మెత్తగా ఉంటుందని వేసుకున్నానంది."

నెడ్రా ట్రక్కును కంచె వారగా ఆపి దిగింది. తలుపు వేయబోయి ఆగింది. సీటు మీద నీలం తువ్వాలు నాలుగు మడతలుగా ఉంది. నెత్తుటి మరక వదలడానికి ఉతికినట్టు చన్నీళ్లలో ఎన్నోసార్లు చేత్తో ఉతికిన బట్ట, మధ్యలో మనిషి కూర్చునేంత మేర వెలిసిపోయి, అట్టకట్టి ఉంది.