పేరు లేని వాగు

రోజిల్డాకి ఆ మంగళవారం కూడా కాఫీ తాగకముందే మణికట్టు లాగడం మొదలైంది. జిల్లా ఆఫీసులో ఆమెది ఇరవయ్యేడేళ్లుగా ఒకటే పని. ఏ గుట్టకి, ఏ కుంటకి ఆ పేరెలా వచ్చిందో ఫ్రెంచిలో నాలుగు ముక్కలు కార్డు మీద రాసి పెట్టెలో పెట్టడం.

ఆ జిల్లాలో ఒక చోటికి మనిషి పేరు పెడితే ఆ మనిషి బాధ ఆ చోటికి పోతుంది. తెయోతీమ్ గుట్ట మీదికి రోడ్డు కుంటుతూ ఎక్కుతుంది. తెయోతీమ్ మాత్రం తొంభయ్యో ఏట కూడా నిటారుగా నడిచాడు. ఒదీల్ కుంటలో కప్పలు దగ్గుతాయి. దీన్ని ఎవరూ వింతగా చూడరు. చిక్కల్లా, పేరు పెట్టని చోట్లు అయిపోవడమే. బంగాళదుంప చేల వెనక ఒక్క వాగు మిగిలింది.

"నీ పేరే రాసుకో అమ్మాయ్," అన్నాడు కౌన్సిల్ పెద్ద ఒనెజీమ్, ఆఫీసులోంచి వెళ్లిపోతూ. "ఊరందరికీ వడ్డించి నువ్వు పస్తుంటావా?"

రోజిల్డా కాదనలేదు. ఒంట్లో ఓపిక లేదు. కార్డు తీసి, తన పేరులో మొదటి అక్షరం రాసింది.

అంతలో అల్సీద్ వచ్చాడు. బడి బస్సు నడుపుతాడు, చిన్నప్పుడు ఆమెతో చదువుకున్నాడు. బస్సు తాళాలు బల్ల మీద పెట్టాడు.

"ఒనెజీమ్‌కి ఇచ్చెయ్. ఇక నడపను."

"ఏమైంది?"

"మా ఆవిడ పోయాక నిద్ర లేదని తెలుసుగా. పొద్దున వంతెన మీద కళ్లు మూతపడ్డాయి. వెనక పదకొండుమంది పిల్లలు. ఒక పిల్ల కెవ్వుమంది కాబట్టి సరిపోయింది."

"బస్సు మానేసి ఏం చేస్తావ్?"

"గోడలు చూస్తా."

"ఇవాళే తగలడాలా నువ్వు?" అని విసుక్కుంది రోజిల్డా. తర్వాత ఆ అక్షరం కొట్టేసి, 'అల్సీద్ వాగు' అని రాసింది.

"అది నీకు రావాల్సింది! పిచ్చిపట్టిందా?"

"నోర్మూసుకుని కూర్చో."

కూర్చున్నాడు. సిరా ఆరకముందే గురక పెట్టాడు.

ఆమె ఒనెజీమ్‌కి ఫోన్ చేసి చెప్పింది.

"ఒకసారి రాస్తే మార్చలేం, తెలుసుగా?" అన్నాడాయన.

"తెలుసు. మూడింటికి పిల్లల్ని నువ్వే దింపాలి."

ఆ రాత్రి మొదటి మంచు పడింది. వాగులన్నీ గడ్డకట్టాయి, అల్సీద్ వాగు తప్ప. అది తెల్లవార్లూ కన్ను మూయలేదు.

ఆఫీసుకి వచ్చినవాళ్లు అల్సీద్ నిద్ర చెడకుండా రెండు రోజులు గుసగుసగా మాట్లాడుకుని వెళ్లారు. గురువారం మధ్యాహ్నం అల్సీద్ లేచాడు. బుగ్గల్లోకి రంగు వచ్చింది.

"బస్సు?" అన్నాడు.

"ఒనెజీమ్ నడుపుతున్నాడు," అంది రోజిల్డా, ఎడమ చేత్తో కుడి మణికట్టు నొక్కుకుంటూ. "పిల్లలు దేవుణ్ణి తలుచుకుంటున్నారు. త్వరగా పో."