పరుపుల దుకాణంలో చెవుల పరీక్ష

చెవుల పరీక్ష కాగితానిది తలకిందుల న్యాయం. అందులో తక్కువ అంకె వచ్చినవాడే మొనగాడు. గీత పైన నడిస్తే చెవులు భేషు, కిందికి జారితే చెముడు. ఆ గీతలు చదవడంలో చేవెళ్ల భవితకు ఆరేళ్ల అనుభవం ఉంది. అయినా ఆ రోజు పప్పులో కాలేసింది.

మొయినాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో డ్రైవర్లకు పరీక్ష. టిఫిన్ డబ్బా అంత బ్యాటరీ మిషన్ని బస్సుల షెడ్డులో పెట్టుకుని కూర్చుంది భవిత. చివరగా వచ్చినవాడు స్వామిదాసు. వయసు యాభై ఏడు, ఇరవై రెండేళ్లుగా అక్కడే డ్రైవరు. హెడ్‌ఫోన్ తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా వేలెత్తమంది. గీత మొదట్లోనే నలభై అయిదుకు కుంగిపోయింది. బస్సుల ఇన్‌చార్జి రాఘవేందర్ అది చూసి, సోమవారం నుంచి బస్సు ఎక్కవద్దని అక్కడికక్కడే తేల్చేశాడు. స్వామిదాసు బస్సు తాళంచెవి బల్లమీద పెట్టి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. రాఘవేందర్ ఆ తాళంచెవిని తీసి జేబులో వేసుకున్నాడు. అది చూసి భవిత మనసు చివుక్కుమంది.

కాగితాన్ని మళ్లీ చదివింది. వయసు ముందుగా తినేది పిట్టకూతలాంటి సన్న శబ్దాలను. అవన్నీ ఇతనికి చక్కగానే వినబడ్డాయి. పోయినవల్లా గుర్రుమనే లావు శబ్దాలు. ఇందాక లైటు వేసి చూస్తే చెవుల్లో గుబిలి లేదు, చీము లేదు. మరి వాటిని మింగిందెవరు? అప్పుడు పట్టింది ఆమె చెవికి, షెడ్డు వెనుక గుర్రుమంటున్న జనరేటర్. స్వామిదాసు వంతుకు సరిగ్గా ముందు కరెంటు పోయింది. పని ధ్యాసలో తాను పట్టించుకోనేలేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"సార్, తప్పు నాది. కాక చెవులు మంచిగనే ఉన్నయి. ఈ గీత జనరేటర్‌ది."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని రాఘవేందర్ విసుక్కున్నాడు. కరెంటు సాయంత్రం దాకా రాదట, జనరేటర్ ఆపడం కుదరదట, జాబితా మధ్యాహ్నానికే వెళ్లాలట. భవిత మిషన్ని చంకన పెట్టుకుని లేచింది. పోయిన నెల దిండు కొనడానికి కాశీనాథ్ సేటు పరుపుల దుకాణానికి వెళ్లినప్పుడు, వెనక గదిలో తన చేతిగడియారం టిక్కుటిక్కు తనకే వినబడింది. ఇంటికప్పు దాకా దూది నిండిన గది అది. రోడ్డు మీది హారన్లు కూడా అక్కడికి రావు. స్వామిదాసును, సణుగుతున్న రాఘవేందర్‌ను వెంటబెట్టుకుని, దగ్గర్లోనే ఉన్న ఆ దుకాణానికి నడిచింది.

సేటు సంబరంగా పరుపుల చుట్ట మీద స్వామిదాసును కూర్చోబెట్టాడు. చెవిలో దూది పెట్టుకుంటే వినబడదు గానీ, దూదిలో కూర్చుంటే ఆయనకు అన్నీ వినబడ్డాయి. వేలు లేస్తూనే ఉంది. భవిత శబ్దం తగ్గించింది, ఇంకా తగ్గించింది. వేలు మళ్లీ లేచింది. పదిహేను. ఇరవై. మళ్లీ పదిహేను.

హెడ్‌ఫోన్ తీసి ఆమె గీత గీస్తుండగా, గడప అవతల తెర వెనుక నిలబడ్డ రాఘవేందర్ ఫోనులో ఎవరితోనో ఏదో గొణిగాడు. భవితకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను లోపలికి రాగానే కాగితం చేతికిచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

స్వామిదాసు లేచి నిలబడ్డాడు. "సారూ, జర ఇప్పుడు మీరు రమ్మన్న ఆ హన్మయ్యకు మళ్ల ఫోన్ జెయ్యుండ్రి. సోమవారం రావొద్దని చెప్పుండ్రి. బస్సుకు డ్రైవర్ ఉన్నడు."

రాఘవేందర్ జేబులోంచి ముందు తాళంచెవి తీశాడు, తర్వాత ఫోను.