ఎండ రాని వరుస

దుప్పటి ఇవాళ కూడా ఆరలేదు. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. అదే ముక్కిన వాసన. మంచం పట్టిన అత్తగారికి రోజుకు రెండు దుప్పట్లు మార్చాలి. మొన్న ఉతికినవి కూడా పెరట్లో తాడు మీద చెమ్మగానే వేలాడుతున్నాయి. తడి పక్క మీద పడుకునీ పడుకునీ ఆవిడ వీపు ఒరుసుకుపోయింది. మందు ఒక్కటే రాస్తే చాలదు, పొడి దుప్పటి వెయ్యండి అని నర్సు రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

ఇంటి ముందు మాత్రం ఎండ విరగకాస్తోంది. కానీ ముందువైపు బట్టలు ఆరేయకూడదన్నది కాలనీ మొదటి నియమం. కాలనీ మొత్తానికి ప్లాను గీసిన మామగారే ఆ నియమమూ రాసి పోయారు. కాలనీకి యాభై ఏళ్ళు నిండాయని ఇవాళ సభ. పది గంటలకు అతిథులు ఈ ఇంటి ముందు ఆగుతారు. సంఘం కార్యదర్శిగా భర్త తన ప్రసంగాన్ని హాల్లో వల్లె వేసుకుంటున్నాడు. "వీధికి రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలాంటి ఇళ్ళు..." ఆ ప్రసంగం సాపు రాసింది ఆమె, అతని చొక్కా ఇస్త్రీ చేసింది ఆమె. ఎదుటి వరుస పెరళ్ళలో దుప్పట్లు ఒక్క పూటలో ఫెళఫెళలాడతాయి. మన వైపు ఎండ రాదేమండీ అని కాపురానికొచ్చిన కొత్తలో అడిగితే, "మా నాన్నకు తెలియనిది నీకు తెలుసా?" అని నవ్వాడు. ఇరవై రెండేళ్ళయినా ఆ నవ్వు ఆమెకు మింగుడుపడలేదు.

హాల్లోంచి వస్తున్న భర్త మాటలు విని, ఆమె చేత పక్క మార్పించుకుంటున్న అత్తగారు నవ్వారు.

"అద్దంలో చూసినట్టా! మీ మామగారు గీసింది ఒక్క వరుసేనమ్మా. ఓపిక లేక ఆ కాగితాన్నే బోర్లించి రెండో వరుస దించేశారు. కాగితం తిప్పితే పొద్దు కూడా తిరుగుతుందా, ఈ పక్క పెరళ్ళకు ఎండెలా వస్తుందని ఆ రోజే అడిగాను."

"ఏమన్నారు?"

"కూర మాడుతోంది, చూసుకోమన్నారు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి బద్ధకాన్ని యాభై ఏళ్ళుగా ఈ వరుసలోని ఆడవాళ్ళంతా పిండి పిండి ఆరేస్తున్నారన్నమాట! పెరట్లోని చెమ్మ దుప్పట్లన్నీ బకెట్టులో వేసుకుని ఇంటి ముందు వాకిట్లోకి నడిచింది. వసారా స్తంభం నుంచి గేటు దాకా తాడు కట్టి దుప్పట్లు ఆరేసింది.

భర్త పరుగెత్తుకొచ్చాడు. "మతి పోయిందా? వాళ్ళొచ్చే వేళయింది! ఇవాళొక్కరోజు ఆగలేవా?"

"నేను ఆగుతానండీ. మీ అమ్మ వీపు ఆగనంటోంది. కాలనీ చరిత్ర చెబుతున్నారుగా, ఇదీ చూపించండి. కాగితం బోర్లించిన సంగతి మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

వీధి మొదట్లో అతిథులు కనబడ్డారు. అతను దుప్పటి లాగెయ్యబోయాడు. లోపలి నుంచి, కిటికీలోంచి చూస్తున్న అత్తగారి గొంతు ఖంగుమంది.

"ఒరేయ్, ఆ దుప్పటి మీద చెయ్యి వేశావంటే ఊరుకోను! అమ్మాయ్, నా మంచం కూడా ఆ ఎండలోకి లాగు. ఆ కాగితం సంగతి నేనే చెబుతాను."