గొల్యాతు ముట్టని గిన్నె

చక్రాల చప్పుడు ఒకటి.

దాని కింద, కుక్క ఊపిరి చప్పుడు ఇంకొకటి.

చక్రాలది ఒకటే మోత — తెంపు లేదు. కుక్కది అలా కాదు. పీల్చినప్పుడు బరువుగా, వదిలినప్పుడు తేలిగ్గా... మధ్యలో కాసేపు ఏమీ ఉండదు. ఆ ఖాళీలో షాలేం రాజు కళ్లు తెరుస్తాడు. మళ్లీ ఊపిరి వినబడితే మూస్తాడు.

పొయ్యీ పడకా అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి, ఆర్‌వీ. అందులో సోఫా ఆయనది. సోఫాకీ పొయ్యికీ మధ్య నేలంతా గొల్యాతుది.

తెల్లని కుక్క. దూడంత. పడుకుంటే దారి ఉండదు, లేచి నిలబడితే వెలుతురు ఉండదు. ఒళ్లో పట్టే రోజుల్లో మనవరాలు ఎలీనా పెట్టిన పేరది. సండే స్కూల్లో బైబిలు కథలోని మహాకాయుడి పేరు విని, నవ్వుకోవడానికి పెట్టింది. కుక్క పేరుకి తగ్గట్టే పెరిగింది.

అమెరికాలో, ఇర్వింగ్‌లో ఉన్న ఇల్లు ఖాళీ చేస్తున్నారు. అల్లుడు సుందర్ రాజ్‌కి హెర్న్‌డన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ అపార్ట్‌మెంట్. యాభై పౌండ్లు దాటిన కుక్కకి అందులో చోటు లేదు. గొల్యాతు అలాంటివి రెండు, పైన ఇంకొంచెం.

మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే సత్యం, గిరిజ అనే భార్యాభర్తలు తీసుకుంటామన్నారు. సుందర్ రాజ్ మాస్టర్స్ చదివేటప్పుడు సత్యం రూమ్మేట్. ఇప్పుడు సొంతిల్లు, పెద్ద పెరడు, చుట్టూ కంచె. వచ్చి చూస్తాం, అలవాటైతే ఉంచుకుంటాం — అన్నారు.

అలవాటైతే.

ఆ మాట షాలేం రాజు దగ్గరే ఉండిపోయింది.

ఇంత కుక్కని విమానంలో ఎక్కించుకోలేమన్నారు. మోటెళ్లు వద్దన్నాయి. కారులో కుక్క పడితే మనుషులు పట్టరు. అందుకని ఈ ఆర్‌వీ అద్దెకి తీసుకున్నారు. కూతురు అబిగేల్ సామాను సర్దాలని ఆగిపోయింది. ఎలీనా బడి పోతుందని ఆగిపోయింది. బయల్దేరేటప్పుడు ఎలీనా బయటికి రాలేదు.

బండిలో ముగ్గురు. అల్లుడు, మామ, కుక్క.

మామా అల్లుళ్ల మధ్య మాటలు తక్కువ. తగువేమీ లేదు. షాలేం రాజుకి ఎవరితోనైనా మాటలు తక్కువే. చినగంజాం ఉప్పు మళ్లలో బతుకంతా ఉప్పు లాగాడు. ఆ ఎండలో నోరు తెరిస్తే దాహం. అలా అలవాటైంది.

ఆర్కన్సాలో పైన్ చెట్ల మధ్య ఆగారు.

సుందర్ రాజ్ చక్రాల కింద దిమ్మలు పెట్టాడు. కరెంటు తీగ తగిలించాడు, నీళ్ల గొట్టం బిగించాడు. తర్వాత చెక్కబల్ల మీద లాప్‌టాప్ తెరుచుకున్నాడు. షాలేం రాజు లోపల అన్నం వండాడు. కోడిమాంసం ఉప్పు వేయకుండా ఉడికించాడు.

గొల్యాతుకి తిండి పెట్టేది ఆయనే. అమెరికా వచ్చినప్పటి నుంచీ అంతే. ఇర్వింగ్‌లో ఇంటివాళ్లు లేవకముందే గ్యారేజీలో కూర్చునేవాడు. గిన్నె కుక్క ముందు. కంచం తన ముందు. ప్రార్థన చేయకుండా ఆయన ముద్ద ఎత్తడు. కళ్లు మూసుకుంటాడు, పెదాలు కదుపుతాడు. ఆమెన్ అంటాడు. అప్పుడు తింటాడు.

కుక్కకి ఎవరూ ఏమీ నేర్పలేదు.

అది ఆయన్ని చూసింది. అంతే. ఆయన కళ్లు మూసుకున్నంతసేపు ఆగడం మొదలుపెట్టింది. ఆమెన్ వినబడ్డాకే గిన్నెలో మూతి పెట్టడం మొదలుపెట్టింది. మొదట్లో వేళాకోళంలా ఉండేది. రాను రాను అదే పద్ధతైపోయింది. పొద్దునా అంతే, సాయంత్రమూ అంతే.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది? నవ్వుతారు. నవ్వి ఊరుకోరు, పాస్టర్‌గారికి చెబుతారు. ముసలాయన కుక్క చేత ప్రార్థన చేయిస్తున్నాడని చర్చి అంతటికీ తెలుస్తుంది.

గిన్నె కుక్క ముందు పెట్టి ఆర్‌వీ మెట్టు మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పైన్ ఆకులు సూదుల్లా రాలుతున్నాయి. కుక్క చొంగ తీగలా సాగి ఆయన చెప్పు మీద పడింది. చల్లగా.

ఆమెన్.

బల్ల దగ్గర నుంచి సుందర్ రాజ్ తల ఎత్తేసరికి గిన్నె ఖాళీ.

"తినేశాడా మావయ్యగారూ?"

"ఆఁ."

"అక్కడ కూడా ఇలాగే తినాలి. గిరిజకి అసలే భయం ఎక్కువ. వీడు తినకుండా మొండికేస్తే డ్రాప్ అయిపోతుంది."

ప్రార్థన సంగతి షాలేం రాజు నోటి దాకా వచ్చింది.

వచ్చి, వెనక్కి పోయింది.

మర్నాడంతా చేలు. మొక్కజొన్న కోసేసిన చేలు. అటూ చేలే, ఇటూ చేలే, ఎదురుగా రోడ్డు. గొల్యాతు కిటికీకి ముక్కు ఆనించింది. అద్దం మీద ఆవిరి... తగ్గింది... మళ్లీ ఆవిరి. పెట్రోలు బంకు దగ్గర ఒక ట్రక్కు డ్రైవరు కిటికీలోకి చూసి, లోపల ఉన్నది గుర్రమా అని అడిగాడు. సుందర్ రాజ్ నవ్వాడు. ఆ దారిలో ఎవరు పలకరించినా కుక్క గురించే పలకరించారు.

ఇండియానాలో వాన పట్టుకుంది. ఆర్‌వీ రేకు మీద టపటపలు. గొల్యాతుకి ఉరుమంటే బెదురు. అంత ఒళ్లూ తెచ్చి ఆయన కాళ్ల మీద వేసింది. కాళ్లు తిమ్మిరెక్కాయి.

ఆయన తీయలేదు.

మిషిగన్‌లో చలి. సరస్సు ఒడ్డున క్యాంపు స్థలం. చెట్లు ఎర్రగా ఉన్నాయి. కింద నేలా ఎరుపే. సత్యం, గిరిజ ముందే వచ్చి డేరా వేసుకుని ఉన్నారు. శని, ఆదివారాలు అందరూ ఇక్కడే ఉండాలని, కుక్కకి ఈ కొత్తవాళ్లు అలవాటైతే ఆదివారం సాయంత్రం వాళ్ల కారులో ఎక్కించాలని అనుకున్నారు. గిరిజ పులిహోర తెచ్చింది, ఫ్లాస్కు నిండా టీ తెచ్చింది. కుక్కకని కొత్త స్టీలు గిన్నె తెచ్చింది. దాని మీద స్టిక్కరు ఇంకా ఊడలేదు.

ఆర్‌వీ తలుపు తెరిచారు. బండి ఒక పక్కకి ఒరిగింది. గొల్యాతు దిగింది.

"అమ్మో!" అంది గిరిజ. "ఇది కుక్కనా, ఎలుగుబంటా? ఫోటోల ఇంత లేదు గదా సుందరన్నా!"

"ఫోటోల సగమే పట్టింది," అన్నాడు సత్యం. "మిగిలిన సగం ఇప్పుడొచ్చింది."

గొల్యాతు గిరిజ చెయ్యి వాసన చూసింది. మోచెయ్యి చూసింది. తర్వాత తిరిగి, ఒళ్లంతా ఆమెకి ఆనించింది.

"అంకుల్... అంకుల్! పడేస్తుంది!"

"ఆనుకుంటాడమ్మా. అంతే."

ఆమె కాళ్లు నిలదొక్కుకుంది. మెల్లగా మెడ మీద చెయ్యి వేసింది. చెయ్యి జుట్టులో మణికట్టు దాకా మునిగిపోయింది. "ఎంత మెత్తగున్నవ్‌రా," అంది. గొంతు మారిపోయింది.

షాలేం రాజు చూశాడు. నీళ్ల గొట్టం చుట్టవలసిన పని గుర్తొచ్చినట్టు అటు వెళ్లాడు.

సాయంత్రం గిన్నె గిరిజ పెట్టింది. అదే అన్నం. అదే మాంసం. వండింది షాలేం రాజే.

గొల్యాతు కూర్చుంది. గిన్నె చూసింది, ఆమెని చూసింది. చొంగ కారింది.

ముట్టలేదు.

"తిను బిడ్డా, తిను." ఆమె గిన్నె దగ్గరికి జరిపింది. కుక్క వెనక్కి జరగలేదు. ముందుకీ రాలేదు. "ఏంది అంకుల్, ముడ్తనే లేదు?"

"కొత్త కదమ్మా," అన్నాడాయన.

అబద్ధం కాదు. నిజమూ కాదు.

"మీరు పెట్టకండి అంకుల్," అన్నాడు సత్యం. "మీరు పెడితే మాకు అలవాటు కాదు. ఆకలైతే అదే తింటది."

ఆయన లోపలికి వెళ్లి సోఫా మీద కూర్చున్నాడు. సంతోషం వేసింది. నిజంగా సంతోషమే. ఇది వీళ్ల దగ్గర తినదు. వీళ్లు వద్దంటారు. మళ్లీ బండెక్కుతుంది, మళ్లీ చేలు, మళ్లీ పైన్ చెట్లు...

తన సంతోషం చూసి తనకే సిగ్గేసింది.

అయినా అది పోలేదు.

ఆదివారం పొద్దున గిరిజ గుడ్లు ఉడికించి చిదిమి కలిపింది. గొల్యాతు కూర్చుంది. ఆగింది. మధ్యాహ్నం పెరుగన్నం కలిపింది. కూర్చుంది. ఆగింది. మూలగలేదు, మొరగలేదు. పక్కటెముకలు పైకీ కిందికీ కదులుతున్నాయి. చొంగ పడి పడి, గిన్నె ముందు మట్టి తడిసింది.

అడగడం తెలియని కుక్క. దానికి ఆగడం తెలుసు.

గిరిజ ఆ తడి మట్టి పక్కనే కూలబడింది.

"నా చేతి బువ్వ వద్దంటుంది. ప్రాణి మాడుతుంటే నాకు ముద్ద దిగదు. మాతోని కాదన్నా."

"ఇంకో పూట చూద్దాం," అన్నాడు సత్యం.

"ఎన్ని పూటలు మాడుస్తవ్?"

సుందర్ రాజ్ ఫోను పట్టుకుని నీళ్ల వైపు నడిచాడు. చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

"ఇక్కడొక కుక్కల షెల్టర్ ఉంది. రేపు పొద్దున డ్రాప్ చేయొచ్చట. సైజ్ పెద్దది, వయసు కూడా పైబడింది... ఎవరైనా అడాప్ట్ చేసుకుంటారని గ్యారంటీ ఇవ్వలేం అన్నారు."

షాలేం రాజు నోరు తెరిచాడు.

"ఇంటికి తీసుకుపోదాం."

"ఏ ఇంటికి మావయ్యగారూ?"

విసుక్కుని అన్నది కాదు. మెల్లగానే అన్నాడు. ఇర్వింగ్ ఇంటి తాళాలు ఈ వారంలో ఇచ్చేయాలి. హెర్న్‌డన్‌లో రానివ్వరు.

ఏ ఇంటికి.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. గొల్యాతు వచ్చి మోకాలి మీద గడ్డం పెట్టింది. బరువు. వెచ్చన. కింద పెదవి తడిసి ఉంది.

షెల్టర్‌లో కూడా గిన్నె పెడతారు. మంచివాళ్లే అయి ఉంటారు, నిండుగానే పెడతారు. పెట్టి, తలుపు వేసి వెళ్లిపోతారు. అక్కడ ఎవరూ కళ్లు మూసుకోరు. ఇది ఆగుతుంది.

ఆగుతుంది...

ఆగుతూనే ఉంటుంది.

"అమ్మా," అన్నాడు.

గిరిజ తల ఎత్తింది.

"ప్రార్థన చేయాలమ్మా."

"ఎవరికి అంకుల్?"

"దానికి. అన్నం ముందు." గొంతు సవరించుకున్నాడు. "ప్రార్థన చేసి ఆమెన్ అంటే గానీ తినడు. రోజూ నా పక్కన కూర్చుని, కూర్చుని... అలవాటైపోయింది."

సుందర్ రాజ్ ఫోను జేబులో పెట్టుకుని మామ వైపు చూశాడు. ఇన్నేళ్లలో మామ ఒక్క గుక్కలో ఇంత మాట్లాడటం అతను వినలేదు.

"నిన్ననే చెప్పొచ్చు కదా మావయ్యగారూ?"

"చెప్పొచ్చు."

చెప్పు అంచుతో నేల మీది ఆకులు పక్కకి జరిపాడు.

ముందు సత్యం నవ్వాడు. "అంటే ఇది క్రిస్టియన్ కుక్కనా అన్నా?"

"బాప్తిస్మం ఒక్కటే తక్కువ," అన్నాడు సుందర్ రాజ్. అతనికీ నవ్వాగలేదు.

గిరిజ నవ్వలేదు. కళ్లు తుడుచుకుని గిన్నె అందుకుంది. "మా ఇంట్ల వెంకన్న ఫోటో ఉంది అంకుల్. గోవిందా అంటే తినదా?" ప్రయత్నించింది. "గోవిందా!"

కుక్క ఒక చెవి కదిపింది.

"ఆమెన్," అన్నాడు సత్యం పక్క నుంచి.

రెండు చెవులూ లేచాయి. మూతి సగం దాకా వంగింది. వంగి, మళ్లీ పైకి వచ్చింది.

"ఉత్తినే అంటే వినడు," అన్నాడు షాలేం రాజు. "ముందు మాట ఉండాలి."

"నాకు మీ ప్రార్థనలు రావు గదా."

"నాకూ రావమ్మా. పాస్టర్‌గారి మాటలు నా నోరు తిరగవు. నాది చిన్నది."

"చెప్పండి. నేను మీ వెనక అంటా."

ఆ మాట ఆయన ఎవరి ముందూ పైకి అనలేదు. భార్య దీనమ్మ బతికున్నప్పుడు ఆమెకి కూడా వినబడనివ్వలేదు. గాలి వీచింది. ఎర్రటి ఆకు ఒకటి గిన్నె అంచు మీద వాలి జారిపోయింది.

"తండ్రీ, ఇచ్చావు."

"తండ్రీ... ఇచ్చినవు."

"యాస మారితే ఒప్పుకుంటదా?" అన్నాడు సత్యం.

"నువ్వాగు!"

"ఎవరి దగ్గర తీసి ఇచ్చావో..."

"ఎవరి దగ్గర తీసి..." గిరిజ ఆగిపోయింది. ఆయన మొహంలోకి చూసింది. ఆయన సరస్సు వైపు చూశాడు. "...ఇచ్చినవో..."

"వాళ్లనీ చూసుకో."

"వాళ్లను గూడ చూసుకో." "తర్వాత?"

"ఆఖరి మాట నేననను. నేనంటే తినేస్తాడు. అది నువ్వనాలి."

గిరిజ కళ్లు మూసుకుంది. చేతులు ఎలా పెట్టాలో తెలియక దణ్ణం పెట్టింది.

"ఆమెన్."

గొల్యాతు లేచింది. తల వంచింది. మూతి అన్నానికి వేలెడు దూరంలోకి వచ్చింది.

ఆగింది.

తల తిప్పి షాలేం రాజుని చూసింది.

ఆ చూపు ఆయనకి తెలుసు. తను కనబడినంతసేపూ అది తననే అడుగుతుంది.

మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. నీళ్ల దాకా నడిచాడు. వీపు కుక్క వైపు పెట్టి నిలబడ్డాడు.

"మళ్లీ అనమ్మా," అన్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఆమెన్," అంది గిరిజ గొంతు.

ఎవరూ కదల్లేదు.

ఒడ్డు రాళ్ల మీద నీళ్లు. చప్... చప్...

దాని కింద ఇంకో చప్పుడు — ఉన్నట్టే ఉంది. నీళ్లదో... నాలుకదో...

షాలేం రాజు ఊపిరి బిగబట్టి విన్నాడు.