చర్చి కింద ఎండు కట్టెలు

ఆ ఊళ్ళో చావు కబురు ఎవరి నోటినుంచైనా పుట్టవచ్చు గాని, అది ఊరి కబురు కావాలంటే సైథాంగా గొంతులోంచి రావలసిందే. ఇరవై రెండేళ్ళుగా అతను ఊరి ట్లాంగావు, అంటే చాటింపు వేసేవాడు. కొండ కొమ్మున గుంజకు నాలుగు దిక్కులా నాలుగు మైకులు, గుంజ కింద రేకుల గది, గదిలో అతను. "మన ఊళ్ళో ఫలానావారు కన్నుమూశారు" అని అతను చెప్పాడంటే, కొండచేలకు బయల్దేరినవాడు వెనక్కి తిరగాలి, దుకాణం తెరిచినవాడు తలుపు మూయాలి. కుర్రకారు గొయ్యి తవ్వుతారు. ఆడవాళ్ళు చావింట్లో పొయ్యి వెలిగించి టీ కాస్తారు. పొద్దుగూకేవేళ డోలు పెట్టుకుని అందరూ పాడతారు. ఎవరినీ విడిగా పిలవనక్కర్లేదు. "మన ఊళ్ళో" అన్న మాట ఒక్కటి చాలు.

ఆ మాటనే ఇవాళ అనవద్దని చెప్పడానికి ఊళ్ళో ఉపా అని పిలిచే చర్చి పెద్ద ఛువానా పొద్దున్నే గొడుగేసుకుని వచ్చాడు.

చనిపోయింది ఝర్ణ. తాపీమేస్త్రీ నిబారన్ పెళ్ళాం. కొత్త చర్చి కట్టడానికి మూడేళ్ళ కిందట కొండల దిగువన బరాక్ నది మైదానం నుంచి వచ్చారు ఇద్దరూ. చర్చి మెట్ల దగ్గర్నుంచి గంటగోపురం దాకా ప్రతి రాయీ నిబారన్ చేతిమీదుగా లేచిందే, ప్రతి తట్ట సిమెంటూ ఝర్ణ నెత్తిమీదుగా ఎక్కిందే. ఐదు రోజులు జ్వరం. కొండచరియ విరిగిపడి కిందికి దారి లేదు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. దారి తెరుచుకునేదాకా శవాన్ని ఉంచే వీలూ లేదు.

"తొందరపడకండి సైథాంగా గారూ," అన్నాడు ఛువానా, గొడుగు మడిచి మూలకు ఆనిస్తూ. "నిబారన్‌తో మాట్లాడాను. మన ప్రార్థనతో, మన శ్మశానంలో సమాధి చేయడానికి ఒప్పుకుంటే మీరు చెప్పండి. ఊరంతా నిలబడుతుంది."

"ఒప్పుకోకపోతే?"

"అది వాళ్ళ సొంత వ్యవహారం అవుతుంది."

"కాల్చమని ఆ పిల్ల పోయేముందు అడిగిందట ఉపా. మా రెంగి పక్కనే ఉంది, విన్నది."

"దేంతో కాలుస్తారు? ఇరవై రోజులుగా వాన. ఊళ్ళో ఎండుపుల్ల లేదు."

"చర్చి కింద ఉన్నాయిగా."

ఉన్నాయి. కొండవాలు మీద చర్చి, దాని నేల కింద పెద్ద కొట్టు, కొట్టు నిండా చీల్చి నిలువెత్తున పేర్చిన ఎండు కట్టెలు. వచ్చేవారం పెద్ద సువార్త కూటం. పక్క ఊళ్ళనుంచి మూడొందలమంది అతిథులు. వాళ్ళకు వండి పెట్టడానికి ఊరు ఊరంతా చలికాలంలో మోసుకొచ్చిన కట్టెలు అవి. కూటం దేని గురించయ్యా అంటే, పొరుగువాళ్ళను ప్రభువు దగ్గరికి తీసుకురావడం ఎలా అన్నదాని గురించి. గుడ్డ మీద రంగులతో రాయించి చర్చి ముఖాన కట్టారు కూడా.

"అవి దేవుడి పని కోసం పెట్టినవి," అన్నాడు ఛువానా. "మీకు తెలియంది కాదు. ఒక్కసారి ఆలోచించండి. ఆ మేస్త్రీ ఇవాళ ఔనంటే, కూటంలో ఎంత గొప్ప సాక్ష్యం! మూడేళ్ళుగా వాళ్ళ కోసం ప్రార్థిస్తున్నాం. ప్రభువే ఈ ద్వారం తెరిచాడేమో."

సైథాంగాకు ఒళ్ళు మండిపోయింది. ఆడమనిషి చచ్చిపోతే ద్వారం తెరుచుకుందట! కోపం మాటగా మారేలోపలే ఛువానా గొడుగు తీసుకుని, "ఒక గంట ఆగండి, వాడే దారికి వస్తాడు," అని వెళ్ళిపోయాడు.

వెనకాలే రెంగి వచ్చింది. సైథాంగా భార్య. ఐదు రాత్రుల నిద్ర లేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. ఎప్పుడూ భుజాన ఉండే నల్లఎరుపు చారల నేతబట్ట, పువాన్, కనిపించలేదు.

"పువాన్ ఏదే?"

"ఝర్ణ మీద కప్పాను. మనవాళ్ళకైతే కప్పమా ఏంటి?" అని గుమ్మంలో కూలబడింది. "ఇంకా చెప్పలేదేం? మైకు పాడైందా, నీ గొంతు పాడైందా?"

ఛువానా అన్నదంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం గట్టిపడుతూ వచ్చింది.

"మూడేళ్ళు ప్రార్థించారా? ఎక్కడ కూచుని? దానికి మొదటి బిడ్డ కడుపులోనే పోయినప్పుడు ఆ ఇంటి గడప తొక్కినవాడు ఒక్కడున్నాడా మీ పెద్దల్లో? నేను కూర గిన్నె పట్టుకెళ్ళాను. అది నాకు చేపల పులుసు తెచ్చింది. నాకు నడుం పట్టేస్తే నెలరోజులు నీళ్ళు మోసింది, నీకు గుర్తు లేదా? మూడేళ్ళలో ఒక్కనాడు చర్చికి రమ్మనలేదు నేను. నన్ను పిన్నిలా మాసీ అని పిలిచేది కదా, అదే అడిగింది ఓ రోజు, మాసీ, నీకు ఇదంతా ఎవరు నేర్పారని. యేసు అన్నాను. అయితే మంచివాడే, ఇంకా చెప్పు అంది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఆయన కథలే. దాని నమ్మకం ఎంతదాకా వచ్చిందో దానికీ దేవుడికీ తెలుసు. మధ్యలో ఈ ఛువానా ఎవడు, శవాన్ని పట్టుకుని బేరం పెట్టడానికి?"

"అరవకు, బయటికి వినిపిస్తుంది."

"వినిపించాలనే! ఇన్ని మైకులు పెట్టుకుని నువ్వు నోరు మూసుకు కూచుంటే మరి నేనే అరవాలి."

ట్లాంగావు పెద్దల మాట దాటి మైకు పట్టడం ఆ ఊళ్ళో ఎన్నడూ లేదు. పడితే రేపటినుంచి ఆ గది తాళం వేరేవాడి మొలలో ఉంటుంది. సైథాంగాకు అది తెలుసు. ఆ గది తప్ప తనకు వేరే గౌరవం లేదనీ తెలుసు. అయినా గొంతు సవరించుకుని మైకు మీట నొక్కాడు.

"ఊరివాళ్ళందరికీ. మన ఊళ్ళో ఝర్ణ, మన చర్చి కట్టిన నిబారన్ భార్య, ఈ వేకువన కన్నుమూసింది. మన ఊళ్ళో అంటున్నాను, బాగా వినండి. ఆమె కోరిక ప్రకారం దహనం చేస్తాం. ఎండు కట్టె కావాలి. మీ పొయ్యి మీది అటకలో ఉన్నది తీయండి. ఇంటికి ఒకటైనా సరే."

ఊరు వచ్చింది. వాగు గట్టున కుర్రాళ్ళు అలవాటు కొద్దీ గునపాలు, పారలు పట్టుకొచ్చి, చర్చ లేకుండా గొయ్యి మొదలుపెట్టేశారు. మోకాలి లోతు తవ్వాక ఎవరో, "ఒరే, ఈమెను పాతం కదరా!" అన్నాడు. అందరూ సిగ్గుపడి పారలు దించారు. ఏడ్చి ఏడ్చి ఉన్న నిబారన్ ముందుకొచ్చి, "ఉండనీ తమ్ముడూ, పూడ్చకండి. చితి కింద గాలి ఆడటానికి మా వైపు గుంట తీస్తాం," అన్నాడు. పారలు దించిన కుర్రాళ్ళకు మళ్ళీ ప్రాణం వచ్చినట్టయింది.

ఆడవాళ్ళు పొయ్యి మీది అటకలు దులిపి తెచ్చారు. పొగచూరి నల్లబడ్డ కట్టెలు, ఒక్కో ఇంటినుంచి ఒకటి, రెండు. వానలో తడవకుండా ఒళ్ళో పువాన్ల కింద దాచి తెచ్చారు. రేపు వాళ్ళ పొయ్యి ఎలా వెలుగుతుందో ఎవరూ అడగలేదు. అన్నీ పేర్చినా చితి నడుం ఎత్తుకు కూడా లేవలేదు.

సైథాంగా మళ్ళీ కొమ్ముకు ఎక్కాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"ఊరివాళ్ళందరికీ. కట్టె చాలలేదు. ఎండు కట్టె చర్చి కింద ఉంది, మనమే మోసి పెట్టాం. తాళంచెవి ఉపా ఛువానా జేబులో ఉంది. వాన తెరిపి ఇచ్చింది, మళ్ళీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఉపా గారు వస్తున్నారు. అందరం ఆయన కోసమే కాచుకుని ఉన్నాం."

నాలుగు దిక్కులా వినిపించాక రాక ఏం చేస్తాడు? ఛువానా వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా కొట్టు తలుపు తీశాడు. కుర్రాళ్ళు బారుగా నిలబడి చేతినుంచి చేతికి కట్టెలు దించారు. మధ్యాహ్నం తిరిగేసరికి ఝర్ణ చితి అంటుకుంది, రెంగి పువాన్ ఆమె మీదే ఉండగా. రెంగి పక్కన నిలబడి ఆ పిల్లకు ఇష్టమైన కీర్తన సన్నగా పాడింది. నిబారన్ వద్దనలేదు.

ఆదివారం ఆరాధన ఎప్పటిలా మైకుల్లో ఊరంతా వినిపించింది. నివేదిక చదివింది ఛువానా. "ఈ వారం మన సంఘం ఒక అన్యుల కుటుంబానికి మరణ సమయంలో గొప్ప సేవ చేసింది. కూటం కోసం ఉంచిన కట్టెలను సైతం ప్రేమతో ఇచ్చాం. దీనివల్ల సువార్తకు తలుపు తెరుచుకుంది. రాబోయే కూటంలో ఈ సాక్ష్యం వినిపిస్తాం." జనం తలలు వంచుకున్నారు. ఒక్కడూ లేచి అబద్ధం అనలేదు. చర్చి కదా! ఆఖరి వరసలో సైథాంగా పిడికిళ్ళు బిగించుకుని కూచున్నాడు. రేకుల గది తాళంచెవి ముందురోజే తీసుకున్నారు.

బయటికి వచ్చేసరికి మెట్ల మీద నిబారన్ ఉన్నాడు, చంకలో గుడ్డ చుట్టిన చిన్న మట్టికుండతో. దారి తెరుచుకుంది. అస్థికలు నదిలో కలపడానికి బయల్దేరుతూ సైథాంగాకూ రెంగికీ చెప్పిపోదామని వచ్చాడు. తను పేర్చిన రాళ్ళ మీద కూచుని మైకులో అంతా విన్నాడు.

రెంగి అతని చేతిలో అన్నం పొట్లం పెట్టింది. నిబారన్ కళ్ళు తుడుచుకుని, చర్చి లోపలికి ఓసారి చూశాడు. అక్కడ ఛువానా అతిథి బోధకుడితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"మాసీ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు," అన్నాడు. "ఝర్ణకు నువ్వు చెప్పిన యేసు ఉన్నాడే, ఆ ఉపా కూడా ఆయన మనిషేనా?"

రెంగి జవాబిచ్చేలోపే సైథాంగా మైకు అక్కర్లేని గొంతుతో, మెట్ల మీది జనమంతా తిరిగి చూసేలా అన్నాడు.

"ఇంకా కాలేదయ్యా. ఉపా కోసం కూడా ప్రార్థన చేస్తున్నాం."